ఎవరి జాబితా వాళ్లదే

జనగామ సమీకృత కలెక్టరేట్‌ను 2022 ఫిబ్రవరి 11న, మహబూబాబాద్ కలెక్టరేట్‌ను 2023 జనవరి 12న ప్రారంభించారు. ఒక్క పని కోసం జనం ఊరంతా తిరిగే బాధ తప్పాలని జిల్లా ఆఫీసులను ఒకే కప్పు కిందికి తెచ్చారు. మంచిదే. పింఛన్లు చూసే గ్రామీణాభివృద్ధి అధికారి, వయోవృద్ధుల బాగోగులు చూసే సంక్షేమాధికారి, పల్లె దవాఖానల బాధ్యత మోసే వైద్యాధికారి సోమవారం ప్రజావాణిలో ఒకే వరుసలో కూర్చుంటారు. అయినా డెబ్బై ఏళ్ల మనిషి పేరు ఈ ముగ్గురి దగ్గరా వేర్వేరు జాబితాల్లోనే ఉంటుంది. పింఛన్ తీసుకునే ముసలవ్వ బీపీ గోళీలు వేసుకుంటోందో లేదో పింఛన్ శాఖకు అక్కరలేదు. ఆమెకు తిండి ఎవరు పెడుతున్నారో చూడటం గోళీలిచ్చే వాళ్ల పని కాదు. ఆఫీసులు కలిశాయి గానీ కాగితాలు కలవలేదు.

వృద్ధుల వైద్యాన్నీ సంరక్షణనూ కలపాలన్న చర్చ ప్రపంచమంతటా నడుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి దానిమీద మార్గదర్శకాలిస్తోంది. ఆ చర్చను హైదరాబాద్ సదస్సుల నుంచి దించి, 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను చీల్చగా పుట్టిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల నేల మీద పెట్టి చూస్తే ఎలా ఉంటుందన్నదే ఈ వ్యాసం. ఈ మూడింటినే తీసుకోవడానికి కారణముంది. ఇవి చిన్న జిల్లాలు. ఇక్కడ కలపడం సాధ్యం కాకపోతే ఎక్కడా కాదు.

ఒక ఇల్లు ఊహించుకుందాం. గూడూరు మండలంలో ఓ తండా. డెబ్బై రెండేళ్ల పెద్దాయనకు తెల్లవారుజామున కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయాయి. 108 వచ్చింది. మహబూబాబాద్ పెద్ద దవాఖాన, అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎం. ప్రాణం దక్కింది. వారం పది రోజులకు ఇంటికి పంపారు. ఇక్కడిదాకా వ్యవస్థ పనిచేసిందనే చెప్పాలి. అసలు కథ ఆ తర్వాత. మూత్రం గొట్టం మార్చాలి. కాలు, చెయ్యి ఆడించే వ్యాయామం నేర్పాలి. వీపు మీద పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. బీపీ గోళీలు నెలనెలా తేవాలి. వికలాంగుల పింఛన్ కావాలంటే వైకల్యం తేల్చే సదరం క్యాంపుకు తేదీ తీసుకుని, మంచం దిగలేని మనిషిని ఆటోలో ఎక్కించి జిల్లా కేంద్రానికి తీసుకుపోవాలి. చక్రాల కుర్చీ కావాలంటే ఇంకో శాఖ, ఇంకో క్యాంపు. పాలు పంచుకున్న కొడుకులు పట్టించుకోకపోతే ఆర్డీఓ ఆఫీసు.

ఇన్ని గడపలనూ కలిపే మనిషి ఇవాళ కూడా ఒకరున్నారు. ఆ ఇంటి కోడలో, కూతురో. మిర్చి కోతకు పోతే వచ్చే కూలి వదులుకుని ఈ తిరుగుళ్లన్నీ ఆమే తిరుగుతుంది. విధాన పత్రాల్లో ‘సమన్వయం’ అని రాసేదాన్ని ఆమె జీతం లేకుండా చేస్తోంది. కాబట్టి సేవలు కలవలేదనడం సరికాదు. కలిపే బరువంతా ఒక్క ఆడమనిషి నెత్తిన పెట్టేశాం. ఆ ఆడమనిషి లేని ఇంట్లో మాత్రం ఏదీ కలవదు.

ఇలా ఎందుకైందో తెలియాలంటే ఒక్కో పథకం పుట్టిన ఏడాది చూస్తే చాలు. వృద్ధాప్య పింఛన్‌కు కేంద్రం చెయ్యి వేసింది 1995 ఆగస్టు 15న. 108 అంబులెన్స్ 2005లో హైదరాబాద్‌లో మొదలైంది. ఆరోగ్యశ్రీ 2007. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమూ 2007లోదే. నెలకోసారి ఊరికి వచ్చి షుగర్, బీపీ గోళీలిచ్చిన 104 బండ్లు 2008లో వచ్చాయి, తర్వాతి కాలంలో తెలంగాణలో ఆగిపోయాయి. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం 2010-11లో, ఆసరా పింఛన్ 2014లో, కంటి వెలుగు 2018లో, వృద్ధుల 14567 హెల్ప్‌లైన్ దేశవ్యాప్తంగా 2021 అక్టోబర్ 1న, డెబ్బై దాటిన అందరికీ 5 లక్షల బీమా ఇచ్చే కేంద్రం కార్డు 2024 అక్టోబర్ 29న. ప్రతి ప్రభుత్వమూ ఒక గది కట్టింది. గదికీ గదికీ మధ్య తలుపు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

వయసు విషయంలో కూడా పొత్తు లేదు. చట్టం దృష్టిలో అరవై దాటితే వయోవృద్ధులు. రాష్ట్ర పింఛన్‌కు 2022లో యాభై ఏడుకు దించారు. కేంద్ర బీమాకు డెబ్బై. కేంద్రం పింఛన్‌లో తన వాటాగా ఎనభై లోపు వారికి 200, దాటితే 500 రూపాయలు ఇస్తుంది. మిగతాది రాష్ట్రం కలిపితేనే 2019 నుంచి 2,016 అయింది. 4,000 చేస్తామన్న హామీ 2023 ఎన్నికలది. రాజకీయం ఎప్పుడూ ఈ అంకె చుట్టే తిరుగుతుంది. అంకె ముఖ్యం కాదని అనను. ఆ డబ్బు చేతిలో ఉన్న ముసలివాళ్లకు ఇంట్లో మాట విలువ పెరిగిందని మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. కానీ డబ్బు నర్సును వెంటబెట్టుకు రాదు. ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 2024 జూలై నుంచి నెలకు 15,000 ఇస్తున్నారు. పెద్ద మొత్తమే. అయినా గొట్టం మార్చే చేయి ఊళ్లో లేకపోతే ఆ డబ్బు పట్నం ఆటోకే పోతుంది.

బీమాల సంగతీ అంతే. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. అది ఆసుపత్రి మంచానికి కట్టే డబ్బు. ఇంటి మంచానికి ఆరోగ్యశ్రీ లేదు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌కు లోటు రాదు. ఆ తర్వాత మూడు నెలలు లేపి నడిపించే మనిషికి పైసా ఉండదు. నడిపించకపోతే ఆపరేషన్ వృథా. ఖరీదైన సగం కట్టి చవకైన సగం వదిలేయడమంటే ఇదే.

దవాఖానల వైపు ఇటీవల ఇంకో చిక్కు వచ్చిపడింది. మహబూబాబాద్‌కు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇది చిన్న మార్పు కాదు. ఎంజీఎం దాకా పోవాల్సిన ఎన్నో కేసులకు ఇప్పుడు జిల్లాలోనే నిపుణులున్నారు. అయితే కళాశాలకు అనుబంధమైన పెద్ద దవాఖాన వైద్య విద్య సంచాలకుల కిందికి పోయింది. మధ్యలోని సామాజిక ఆరోగ్య కేంద్రాలు వైద్య విధాన పరిషత్తు కింద, పీహెచ్‌సీలూ పల్లె దవాఖానలూ ప్రజారోగ్య శాఖ కింద ఉంటాయి. పెద్ద దవాఖాన నుంచి ఇంటికి పంపిన ముసలాయన సమాచారం ఊరి ఏఎన్ఎంకు చేరాలంటే ఈ మూడు విభాగాల హద్దులు దాటాలి. చేతిలో పెట్టే డిశ్చార్జి చీటీయే ఆ మూడింటి మధ్య నడిచే తపాలా. ఆ చీటీ గూట్లోనో, గోడకు వేలాడే సంచిలోనో ఉండిపోతుంది.

జాతీయ కార్యక్రమం కాగితం మీద చూస్తే అన్నీ ఉన్నాయి. పీహెచ్‌సీలో వారానికో రోజు వృద్ధుల క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో పది పడకల ప్రత్యేక వార్డు, మంచాన పడ్డవారి ఇంటికి ఆరోగ్య కార్యకర్త రాక. ఈ మూడోది ఎంత నెరవేరుతోందన్నదే అసలు పరీక్ష. ఎందుకంటే క్లినిక్‌దాకా నడిచి రాగలిగిన వృద్ధుడి సమస్య సగం తీరినట్టే. రాలేనివాడి కోసమే ఈ చర్చంతా.

జిల్లాల మధ్య తేడాలు చూడాలి. జనగామ హైదరాబాద్ హైవే మీద ఉంది. పిల్లలు ఉప్పల్ వైపు స్థిరపడి ఆదివారం వచ్చిపోతారు. పాలకుర్తి, కొడకండ్ల వైపు చేనేత కుటుంబాల్లోంచి ఒక తరం ఎప్పుడో సూరత్, భివండీలకు వెళ్లింది. కల్లుగీత కార్మికులకూ నేత కార్మికులకూ వేరే పింఛన్లున్నాయి గనుక ఇక్కడ పింఛన్ జాబితా కూడా ఒకటి కాదు. ఇక్కడి వృద్ధుల లోటు డబ్బు కన్నా మనిషి తోడు. ఫోన్లో మాట్లాడే కొడుకు ఉంటాడు, గ్లాసుతో నీళ్లు అందించేవాళ్లు ఉండరు. పిల్లలు పంపే మందుల పేర్లు ఒకటి, పల్లె దవాఖానలో ఇచ్చే గోళీల పేర్లు ఒకటి. రెండూ ఒకే మందని తెలియక రెండూ వేసుకుని కళ్లు తిరిగి పడిపోయేవాళ్లున్నారు. ఈ ఒక్క సమస్యకు ఖర్చు లేని మందు ఉంది. ఇంట్లో ఉన్న గోళీలన్నీ నెలకోసారి ఒక పళ్లెంలో పోయించి చూసే నర్సు చాలు.

మహబూబాబాద్ వేరు. గిరిజన జనాభా మూడో వంతు దాటిన జిల్లా ఇది. తండాలు చెదురుమదురుగా ఉంటాయి. కొత్తగూడ, గంగారం కోయ గూడేలకు గిరిజనాభివృద్ధి చూసే ఐటీడీఏ అంటే పక్క జిల్లాలోని ఏటూరునాగారం. అంటే ఇంకో ఆఫీసు, అదీ జిల్లా అవతల. ఇక్కడ దూరమే రోగం. 2024 సెప్టెంబర్ 1 నాటి ఆకేరు వరద తండాలను ముంచినప్పుడు ఎవరి ఇంట్లో నడవలేని మనిషి ఉన్నారన్నది ఇరుగుపొరుగుకు తప్ప రికార్డులకు తెలియదు. అంతకు ముందు ఏడాది జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో వాగు ఊరిమీద పడితే జనం మిద్దెలెక్కారు, హెలికాప్టర్లు వచ్చి దించాయి. మిద్దె ఎక్కలేనివాళ్ల జాబితా ప్రతి పంచాయతీలో ఉండాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

భూపాలపల్లిలో ఒకే జిల్లాలో రెండు వృద్ధాప్యాలు కనిపిస్తాయి. ఒకటి సింగరేణి వృద్ధాప్యం. బొగ్గు బావిలో పనిచేసి దిగినవారికి 1998 నాటి పథకం కింద పింఛన్ ఉంటుంది, కంపెనీ దవాఖాన ఉంటుంది, రిటైరయ్యాక చందా కట్టినవారికి వైద్య పథకం ఉంటుంది. బావిలో చేసిన పనికి ఆ పింఛన్ చాలా తక్కువన్న అసంతృప్తి వారిది, న్యాయమైనదే. అదే బావి దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసినవారికి అదీ లేదు. రెండోది పలిమెల, మహాముత్తారం వైపు అడవి పల్లెల వృద్ధాప్యం. అక్కడ కంపెనీ లేదు, పిల్లలు దగ్గరే ఉన్నా బస్సు దూరం. సింగరేణి దవాఖానలో ఉన్న ఫిజియోథెరపీ నైపుణ్యం వారానికో రోజు ప్రభుత్వ దవాఖానకు రాకూడదని ఏ చట్టమూ అనలేదు. సామాజిక బాధ్యత నిధులతో కంపెనీలు ఏవేవో కడుతుంటాయి. కట్టడాలకన్నా ఇలాంటి మనిషి సాయం మేలు.

మూడు జిల్లాల్లోనూ కనిపించే సంగతి ఒకటుంది, ఏ విధాన పత్రమూ దాన్ని లెక్కలోకి తీసుకోదు. వంతులు. నలుగురు కొడుకులుంటే తల్లి నెలకొకరి ఇంట్లో ఉంటుంది. లేదా తల్లి ఒకరి దగ్గర, తండ్రి ఇంకొకరి దగ్గర. పంపకాల నాడు పొలంతో పాటు తల్లిదండ్రుల్నీ పంచుకున్న ఇళ్లివి. ఇద్దరు కొడుకులు ఊళ్లో, ఒకడు స్టేషన్ ఘన్‌పూర్‌లో, ఇంకొకడు హన్మకొండలో ఉంటే ఆ అవ్వ ఏ ఉపకేంద్రం జాబితాలోది? ఆశ కార్యకర్త వచ్చిన నెల ఆమె అక్కడ ఉండదు. షుగర్ గోళీల డబ్బా పోయిన నెల ఇంట్లో మరిచిపోతుంది. కుటుంబమంటే కదలని ఒకే ఇల్లు అనుకునే ఏ పథకమైనా ఈమె దగ్గర ఓడిపోతుంది. సంరక్షణ ఇంటి నంబర్‌ను కాకుండా మనిషిని వెంబడించాలి.

2007 చట్టం విషయానికొస్తే, అది చాలామంది అనుకునేదానికన్నా బలమైనది. ఆర్డీఓ అధ్యక్షతన ట్రిబ్యునల్. వకీలు అక్కర్లేదు. తొంభై రోజుల్లో తేల్చాలి. నెలకు 10,000 దాకా భరణం ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తిని, మాట తప్పితే 23వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. జిల్లాకో వృద్ధాశ్రమం ఊసు కూడా ఉంది గానీ ప్రభుత్వాన్ని నిర్బంధించేలా లేదు. దాని బలహీనత ఇంకోచోట ఉంది. ఆర్డీఓ ఆదేశం వెలువడిన నాటితో ఫైలు మూతపడుతుంది. ట్రిబ్యునల్‌కెక్కిన తల్లికి ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం ఎలా దొరుకుతుందో చూసే బాధ్యత ఎవరిదీ కాదు. ప్రతి ఆదేశం నకలు ఆ ఊరి పీహెచ్‌సీ వైద్యాధికారికి వెళ్లాలి. నిర్లక్ష్యానికి గురైన వృద్ధుల ఒంటిమీద అది కనిపిస్తుంది. బరువు తగ్గడం, పుండ్లు, ఆగిపోయిన మందులు. ఆర్డీఓకన్నా నర్సుకు అవి ముందు తెలుస్తాయి.

మన దగ్గర నిజంగా కలిసిన ముక్క ఏదైనా ఉందా? ఉంది. పాలియేటివ్ కేర్. నయంకాని జబ్బుతో ఉన్నవారికి నొప్పి తగ్గించి, ఇంటిదాకా వెళ్లి చూసే సేవ. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అనుభవంతో, చేవెళ్లలో చేసిన ప్రయత్నంతో మొదలుపెట్టి రాష్ట్రం కొన్ని జిల్లాల్లో ఈ కేంద్రాలు పెట్టింది. వాటిలో జనగామ ఒకటి. ఇళ్లకు వెళ్లే బండికి ‘ఆలన’ అని పేరు పెట్టారు. ఆ బండి దిగిన నర్సు గాయం కడుగుతుంది, గొట్టం మారుస్తుంది, ఇంటివాళ్లకు తిప్పడం నేర్పుతుంది. క్యాన్సర్ రోగికి చేసే ఈ పనంతా పక్షవాతం వచ్చినవాడికీ, మతి తప్పిన అవ్వకూ కూడా కావలసిందే. మతిమరుపు రోగం తక్కువేం కాదు. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం, దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. మన ఊళ్లలో దాన్ని జబ్బుగా గుర్తించరు, చాదస్తమంటారు. నా దృష్టిలో కొత్త పథకం కన్నా ఈ బండి తలుపు ఇంకాస్త వెడల్పు చేయడం ముఖ్యం.

కేరళ చేసింది ఇదే. 1993లో కోజికోడ్‌లో కొందరు వైద్యులు మొదలుపెట్టిన నొప్పి నివారణ సేవను పంచాయతీలు తమదిగా చేసుకున్నాయి. 2008లో రాష్ట్ర విధానమైంది. నర్సుకు జీతం స్థానిక సంస్థ నుంచి వస్తుంది, బండిలో ఊరి వాలంటీర్లు ఎక్కుతారు. తమిళనాడు 2021 ఆగస్టులో మొదలుపెట్టిన ఇంటింటి వైద్యం బీపీ, షుగర్ మందులతో పాటు ఫిజియోథెరపీనీ గడపకు తీసుకుపోతోంది. జపాన్ 2000లో నలభై దాటినవారంతా కట్టే సంరక్షణ బీమా తెచ్చింది. 2006 నుంచి పేటకో కేంద్రం పెట్టి అందులో ఆరోగ్య నర్సు, సామాజిక కార్యకర్త, సంరక్షణ ప్రణాళిక వేసే మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చునేలా చేసింది. డబ్బున్న దేశం కాబట్టి చెల్లింది అనుకోవచ్చు. కానీ మనం తీసుకోవలసింది ఆ బల్లను. బీమాను కాదు.

ఇంగ్లండ్ అనుభవం మాత్రం హెచ్చరిక. వైద్య, సంరక్షణ నిధులు కలిపితే ఆసుపత్రి ఖర్చు తగ్గుతుందని అక్కడ ఆశపడ్డారు. 2017లో వాళ్ల జాతీయ ఆడిట్ కార్యాలయం, అనుకున్న పొదుపు రాలేదని తేల్చింది. అయినా వెనక్కి పోలేదు. 2022 జూలైలో చట్టబద్ధమైన ప్రాంతీయ వ్యవస్థలు తెచ్చారు. కలపడం వల్ల డబ్బు మిగులుతుందని ఎవరైనా కలెక్టర్‌కు చెబితే నమ్మకూడదు. ఇన్నాళ్లూ దొరకనివాళ్లు దొరుకుతారు కాబట్టి మొదట్లో ఖర్చు పెరుగుతుంది కూడా. చేయవలసింది పొదుపు కోసం కాదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? పింఛన్ రోజున. తెలంగాణ పల్లెల్లో పింఛన్ తపాలా శాఖ ద్వారా అందుతుంది. ఊరి బ్రాంచి పోస్టుమాస్టర్ నెలకోసారి దాదాపు ప్రతి పేద వృద్ధుడి ముఖం చూస్తాడు. ప్రభుత్వం తరఫున ఇంత క్రమం తప్పకుండా వాళ్లను చూసే మనిషి ఇంకొకరు లేరు. వేలిముద్ర పడనివారు, ఈ నెల రానివారు, పోయిన నెల నడిచి వచ్చి ఈ నెల కొడుకు భుజం పట్టుకుని వచ్చినవారు అందరూ ఆయన కళ్లకు తెలుసు. రెండు నెలలు వరుసగా రాలేదంటే ఆ పేరు పల్లె దవాఖానకు వెళ్లాలి, అంతే. ఆ రోజే పంచాయతీ దగ్గర నర్సు బీపీ మిషన్‌తో కూర్చుంటే చాలామందికి వేరే క్లినిక్ అక్కర్లేదు.

ఈ జాబితాకు లోపాలున్నాయి. వృద్ధాప్య పింఛన్ ఇంటికి ఒక్కరికే గనుక భార్యాభర్తల్లో రెండోవారు, ఎక్కువగా భార్య, కనిపించదు. సింగరేణి పింఛన్‌దారులు ఉండరు. పట్టణాల్లో డబ్బు బ్యాంకులో పడుతుంది గనుక ముఖం చూసే అవకాశమే లేదు. రేషన్ కార్డుల్లోని వయసులతో సరిచూస్తే మొదటి లోపం చాలావరకు తీరుతుంది. రోగ వివరాలు పింఛన్ శాఖకు పోకూడదు. పింఛన్ కోతకు అవి సాకు కాగలవని వృద్ధులు భయపడతారు, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. పేరు ఇటు రావాలి, రోగం అటు పోకూడదు.

ఇక మనిషి. దీన్ని కూడా ఆశ కార్యకర్త నెత్తిన పెట్టేద్దామన్న ఆలోచన వెంటనే వస్తుంది. వద్దు. పని లెక్కన పారితోషికం తీసుకునే ఆశ మీద ఇప్పటికే గర్భిణుల నుంచి టీబీ దాకా బరువుంది. కావలసింది మండలానికొక జీతగాడు, లేదా జీతగత్తె. మంచాన పడ్డవారి జాబితా ఆమె దగ్గర ఉండాలి, పెద్ద దవాఖాన డిశ్చార్జి చేస్తే ఆమె ఫోనుకు కబురు రావాలి, సదరం బృందాన్ని ఇంటికి రప్పించే అధికారం ఆమెకుండాలి, వంతు మారిన అవ్వ పేరును పక్క మండలంలోని తన జోడీకి ఆమే అప్పగించాలి. ఊళ్లోని గ్రామైక్య సంఘాల మహిళలకు పూటకింత ఇచ్చి తోడు మనుషులుగా తయారు చేయవచ్చు. పొదుపు, బ్యాంకు లెక్కలు, ధాన్యం కొనుగోలు కేంద్రాలు నడిపిన సంఘాలకు ఇది కొత్త విద్య కాదు.

ఆమె ఎవరి శాఖ ఉద్యోగి అన్నదే పేచీ అవుతుంది. వైద్య శాఖ కిందికి పోతే గోళీలు లెక్కపెట్టే పనిలో పడుతుంది, సంక్షేమ శాఖ కిందికి పోతే క్యాంపులకు జనాన్ని పోగుచేసే పనిలో. జిల్లాలో ఈ శాఖలన్నిటి మీదా మాట చెల్లేది కలెక్టర్‌కే కాబట్టి, మొదటి రెండేళ్లు కలెక్టర్ ఆఫీసు కిందే ఉంచి, జీతం జిల్లా నిధుల నుంచి ఇవ్వడం ఒక దారి. పలిమెల, గంగారం, దేవరుప్పుల లాంటి మూడు భిన్నమైన మండలాల్లో ముందు చేసి చూడాలి. లెక్క చూడాల్సింది ఎన్ని క్యాంపులు పెట్టామని కాదు. పెద్ద దవాఖాన నుంచి ఇంటికొచ్చిన వృద్ధుడి గడప ఎన్నో రోజున తొక్కామన్నదే చూడాలి.